తలా ఒక ఊళ్ళో ఉన్న టీమ్, పలకరింపు కరవైన పని

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఎవరి ఇంట్లో వారు కూర్చొని ఒకే పని చేస్తున్నవాళ్ళు ఒకరికొకరు మనుషులుగా తెలిసేదెలా అన్నదే ఆ విషయం. వాటిలో ఆరింటికి ఇక్కడ సమాధానమిస్తున్నాను. ఉత్తరాలను కుదించి, రాసినవారిని గుర్తుపట్టగల వివరాలను తొలగించాను.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ కంపెనీలో 11 మంది ఉన్న టీమ్‌కు నేను లీడ్‌ని. విజయవాడలో మా ఇంటి నుంచే పనిచేస్తాను. మిగిలినవారు హైదరాబాదు, విశాఖపట్నం, కరీంనగర్, పుణెలలో ఉన్నారు. ఒకరు డాలస్‌లో ఉన్నారు. టీమ్‌లో ఆత్మీయత పెంచాలని పైనుంచి మాట రావడంతో ప్రతి శుక్రవారం సాయంత్రం 5 గంటలకు వీడియో కాల్‌లో అంత్యాక్షరి, క్విజ్, తంబోలా వంటివి పెడుతున్నాను. మొదట్లో అందరూ ఉత్సాహంగా వచ్చేవారు. ఇప్పుడు కెమెరాలు ఆపేసుకుంటున్నారు, పేరు పెట్టి పిలిస్తే తప్ప నోరు విప్పడం లేదు. ఏ ఆట పెడితే వీళ్ళలో మళ్ళీ హుషారు వస్తుంది?
— టీమ్ లీడ్, విజయవాడ

సమాధానం: ఏ ఆట పెట్టినా రాదని నా అభిప్రాయం. ముందుగా డాలస్‌లో ఉన్న మీ సహోద్యోగి సంగతి చూడండి. మీ శుక్రవారం సాయంత్రం 5 గంటలు ఆయనకు వేసవిలో ఉదయం 6:30, నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక 5:30. తంబోలా కోసం తెల్లవారుజామున లేచే మనిషికి మీ మీద ఆత్మీయత పెరుగుతుందని ఆశించలేం. ఇక్కడున్నవారికి మాత్రం ఆ గంట వారాంతానికి ముందు మిగిలిన పనిని వెనక్కి నెట్టే గంట. హాజరు తప్పనిసరి అయిన సరదాను ఎవరైనా పని లెక్కలోనే వేసుకుంటారు.

అసలు లోపం ఆటలో కాదు, 11 మందిని ఒకే తెర మీద కూర్చోబెట్టడంలో ఉంది. అంతమంది ఉన్న కాల్‌లో ఒకరు మాట్లాడుతుంటే పదిమంది వింటారు; దాన్ని సభ అనవచ్చు గానీ సంభాషణ అనలేం. ఆఫీసులో టీ తాగడానికి వెళ్ళేది ఇద్దరో ముగ్గురో. చనువు పుట్టేది అక్కడే, అదీ పనికి సంబంధించిన మాట మధ్యలో దొర్లిన సొంత మాటతోనే.

దూరానికీ మాటకూ ఉన్న సంబంధం ఇంటర్నెట్ రాకముందే తెలిసిన సంగతి. అమెరికాలోని ఎమ్‌ఐటీలో థామస్ అలెన్ అనే ఆచార్యుడు 1970లలో ఇంజనీర్ల మధ్య సంభాషణను అధ్యయనం చేసి, రెండు బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు వేగంగా తగ్గిపోతాయనీ, సుమారు 50 మీటర్లు దాటితే వారానికొకసారి మాట్లాడుకోవడం కూడా అరుదైపోతుందనీ చూపించారు. అంటే ఒకే భవనంలో వేర్వేరు అంతస్తుల్లో ఉన్నవారి మధ్య కూడా దూరం పనిచేస్తుంది. ‘ఆఫీసుకు రప్పిస్తే అన్నీ సర్దుకుంటాయి’ అనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మీకు మరింత దగ్గరగా వర్తించేది మైక్రోసాఫ్ట్ పరిశోధకుల అధ్యయనం. 2020 తొలి ఆరు నెలల్లో అమెరికాలోని తమ ఉద్యోగులు 61,000 మందికి పైగా ఎవరితో ఎలా సంభాషించారో పరిశీలించి, 2021లో ఫలితాలు ప్రచురించారు. అందరూ ఇళ్ళకు వెళ్ళాక ఒకే గుంపులోనివారి మధ్య బంధాలు బిగుసుకున్నాయి, వేర్వేరు గుంపుల మధ్య ఉన్న వంతెనలు పలచబడ్డాయి. అప్పటికప్పుడు మాట్లాడుకోవడం తగ్గి, ఈమెయిళ్ళూ మెసేజ్‌లూ పెరిగాయి. దీన్నిబట్టి చూస్తే రోజూ మాట్లాడుకునే అదే 11 మందిని శుక్రవారం మరో గంట కూర్చోబెట్టడం కొరత తక్కువగా ఉన్నచోట ఖర్చు పెట్టడమే. మీ టెస్టింగ్ టీమ్‌లోనో, సపోర్టు టీమ్‌లోనో ఉన్న ఒక్క మనిషి పేరైనా, గొంతైనా మీవాళ్ళకు తెలుసా అని అడిగి చూడండి.

కాబట్టి శుక్రవారం గంటను ఎత్తివేసి, ఆ సమయాన్ని పనివేళల్లోనే చిన్న చిన్న ముక్కలుగా తిరిగి ఇవ్వండి. రెండు వారాలకొకసారి మీరు ఒక్కొక్కరితో అరగంట మాట్లాడండి. అందులో టికెట్లు, అంటే అప్పగించిన పనులు, ఎంతవరకు వచ్చాయన్న ప్రశ్న ఉండకూడదు. అది అడిగారంటే మిగిలిన అరగంటా దానికే పోతుంది. పోయినసారి అమ్మగారికి కంటి ఆపరేషన్ అని చెప్పి ఉంటే, ఈసారి మొదటి మాట దాని గురించే కావాలి. గుర్తుండదనుకుంటే ఒక పుస్తకంలో రాసుకోండి, తప్పేమీ లేదు. ఆ రాసుకున్నది మీ సొంత పుస్తకంలోనే ఉండాలి తప్ప కంపెనీ ఫైళ్ళలోకి వెళ్ళకూడదు.

దీంతో పాటు పనిని ఇద్దరిద్దరికి కలిపి అప్పగించండి, జంటలను కొన్ని వారాలకొకసారి మార్చండి. ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చూసేటప్పుడు వ్యాఖ్యలు టైపు చేసి వదిలేయకుండా వారానికొకసారైనా కాల్‌లో మాట్లాడుకుంటూ చూడమనండి. ఆఫీసే లేకుండా అనేక దేశాల్లో ఉద్యోగులున్న గిట్‌ల్యాబ్ కంపెనీ, వేరే విభాగాలవారితో పనికి సంబంధం లేని ‘కాఫీ చాట్’ పెట్టుకోవచ్చని తన నియమావళిలోనే రాసుకొని, దాన్ని అందరూ చదువుకునేలా బయట పెట్టింది. ‘ఇది పనివేళల్లో చేయదగిన పనే’ అని కంపెనీ రాతపూర్వకంగా చెప్పడం వల్ల ఉద్యోగికి దొంగతనంగా కబుర్లు చెప్పుకుంటున్నామన్న బెరుకు ఉండదు. ఆ ధైర్యాన్ని మీ టీమ్‌కు మీరే ఇవ్వవచ్చు.

ఒక్క హెచ్చరిక చేయాలి. సొంత విషయాలు మాట్లాడుకోవడమంటే మనవాళ్ళలో కొందరికి ‘మీదే ఊరు’తో మొదలుపెట్టి, ఇంటిపేరు మీదుగా కులం దాకా వెళ్ళడం. పెళ్ళెప్పుడు, పిల్లలెప్పుడు అనేవి కూడా ఆ కోవలోవే. ఎదుటివారు తామంతట తాము చెప్పినదాన్ని గుర్తుపెట్టుకోవాలి తప్ప, చెప్పనిదాన్ని తవ్వకూడదు. పైవారు శుక్రవారం గంట ఏమైందని అడిగితే, దాని స్థానంలో ఏం జరుగుతోందో రాసి ఇవ్వండి. వారికి కావలసింది సాధారణంగా చూపించడానికి ఒక కాగితమే.

ప్రశ్న: ఇంజనీరింగ్ అయ్యాక మొదటి ఉద్యోగం. ఏడు నెలలుగా కాకినాడలో మా ఇంటి నుంచే పనిచేస్తున్నాను. ల్యాప్‌టాప్ కొరియర్‌లో వచ్చింది. టీమ్‌లో ఒక్కరిని కూడా ఎదురుగా చూడలేదు. సందేహం వస్తే సీనియర్‌ను అడగాలా వద్దా అని గంటల తరబడి ఆలోచిస్తాను. ‘హాయ్ సర్’ అని మెసేజ్ పెట్టి జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాను. ఇంట్లోవాళ్ళేమో ‘ఫ్యాను కింద కూర్చొని చేసే ఉద్యోగానికి ఏం కష్టం’ అంటున్నారు. నాలోనే ఏదైనా లోపం ఉందా?
— ట్రైనీ ఇంజనీర్, కాకినాడ

సమాధానం: మీలో లోపం లేదు. దూరం అందరికంటే ఎక్కువగా నష్టపరిచేది కొత్తగా చేరినవారినే. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల మీద ఆర్థికవేత్తలు జరిపిన పరిశీలనలో, సహోద్యోగులతో ఒకే భవనంలో కూర్చున్నవారికి తాము రాసిన కోడ్ మీద ఎక్కువ సలహాలు అందాయని తేలింది. ఆ తేడా వయసులోనూ అనుభవంలోనూ చిన్నవారికి మరీ ఎక్కువగా కనిపించింది. అదే పరిశీలనలో ఇంకొక సంగతి కూడా బయటపడింది: పక్కనే కూర్చొని చిన్నవారికి నేర్పే సీనియర్ల సొంత పని కొంత తగ్గుతుంది. మీ సీనియర్ జవాబు ఆలస్యం చేస్తున్నారంటే మీరంటే ఇష్టం లేదని అనుకోకండి. నేర్పినందుకు ఆయనకు కంపెనీ లెక్కలో మార్కులు పడకపోవడం కూడా కారణం కావచ్చు.

‘హాయ్ సర్’ అని పెట్టి ఆగిపోవడం ఈరోజే మానేయండి. అవతలివారికి అది తలుపు కొట్టి మాట్లాడకుండా నిలబడినట్టు ఉంటుంది. మొదటి మెసేజ్‌లోనే ఏం చేయబోయారో, ఎక్కడ ఆగిపోయిందో, ఏమేం ప్రయత్నించి చూశారో, ఎప్పటిలోగా కావాలో రాసేయండి. రహస్యమేమీ లేనప్పుడు ఆ ప్రశ్నను టీమ్ అందరూ చూసే చోటే అడగండి. మీలాంటి మరొక కొత్త ఉద్యోగికి అదే సందేహం ఉండి, అడగలేక ఆగిపోయి ఉండవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, రోజూ ఒకే వేళకు 20 నిమిషాలు ఇవ్వగలరా అని మీ సీనియర్‌ను అడగండి. సమయం ముందే ఒప్పుకొని ఉంటే అడగడానికి మీకూ మొహమాటం ఉండదు, పని మధ్యలో కదిలించారన్న విసుగు ఆయనకూ ఉండదు.

వీలైతే కొన్ని వారాలు ఆఫీసు ఉన్న ఊరికి వెళ్ళి పనిచేస్తానని, బస ఏర్పాటు చేయమని మేనేజర్‌ను కోరండి. ఒంటరితనం అనేది సాకు కాదని చెప్పడానికి ఆధారం ఉంది. చైనాలోని సీట్రిప్ సంస్థ షాంఘై కాల్‌సెంటర్‌లో 2010లో మొదలుపెట్టి తొమ్మిది నెలలు కొందరిని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేయించింది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు లెక్కగట్టి చూస్తే వారి పనితీరు 13 శాతం మెరుగుపడింది. అయినా ప్రయోగం ముగిశాక మీ ఇష్టం అంటే, ఇంటి నుంచి పనిచేసినవారిలో సుమారు సగం మంది ఆఫీసుకే తిరిగి వచ్చారు. వారు చెప్పిన ప్రధాన కారణం ఒంటరితనమే. పనితీరుతో పోల్చి చూస్తే వారికి ప్రమోషన్లు కూడా తక్కువగానే వచ్చాయి. అదే సంస్థలో 1,612 మందిపై జరిగి 2024లో ప్రచురితమైన మరో ప్రయోగంలో, వారానికి రెండు రోజులు మాత్రమే ఇంటి నుంచి పనిచేయనిస్తే రాజీనామాలు మూడోవంతు తగ్గాయి. మీ మేనేజర్ అంకెలకు లొంగే మనిషైతే ఈ రెండింటినీ ఉత్తరంలో పేర్కొనండి. ఇంట్లోవాళ్ళకు మాత్రం అంకెలు చెప్పి లాభం లేదు. ఒక రోజు మీ పక్కన కూర్చొని పని చూడమనండి.

ప్రశ్న: హనుమకొండలో అత్తమామలతో ఉమ్మడిగా ఉంటున్నాం. హాల్లో టీవీ నడుస్తుంది కాబట్టి పడకగదిలో మంచం పక్కన చిన్న బల్ల వేసుకొని పనిచేస్తాను, బాబుకు మూడేళ్ళు. కొత్త మేనేజర్ ‘ముఖాలు చూసుకుంటేనే దగ్గరతనం’ అని అన్ని కాల్స్‌లో కెమెరా తప్పనిసరి చేశారు. నాకిది చాలా ఇబ్బందిగా ఉంది. ఎలా చెప్పాలి?
— ఒక ఉద్యోగిని, హనుమకొండ

సమాధానం: ఆఫీసులో ఎవరూ మీ పడకగదిలోకి తొంగిచూడరు, తెర మీద కూడా చూడనక్కరలేదు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జెరెమీ బైలెన్సన్ 2021లో వీడియో కాల్స్ అలసటకు నాలుగు కారణాలు చెప్పారు: అంత దగ్గరగా అన్ని కళ్ళు మనవైపే చూస్తున్నట్టు ఉండడం, రోజంతా మన ముఖాన్ని మనమే చూసుకోవలసి రావడం, ఉన్నచోటి నుంచి కదలలేకపోవడం, తల ఊపడం వంటి చిన్న సైగలను కూడా కావాలని చేయవలసి రావడం. మేనేజర్‌తో విడిగా మాట్లాడి, ఇద్దరు ముగ్గురున్న కాల్స్‌లో కెమెరా పెడతాననీ, పెద్ద కాల్స్‌లో పలకరింపులు అయ్యాక ఆపేస్తాననీ చెప్పండి. ఇంటి పరిస్థితులన్నీ విప్పి చెప్పవలసిన అగత్యం మీకు లేదు. ‘పనిచేసే చోటు ఇంట్లోవారితో పంచుకుంటున్నాను’ అన్న ఒక్క వాక్యం చాలు. కెమెరా పెట్టే కాల్స్‌లో కూడా మీ ముఖం మీకు కనబడకుండా చేసే ఏర్పాటు ఉంటుంది, వాడండి. మేనేజర్లకు నా మాట: మామూలు ఫోను చేసి, డాబా మీద నడుస్తూ మాట్లాడుకున్న పావుగంటలో తెలిసే మనిషి వీడియోలో తెలియకపోవచ్చు.

ప్రశ్న: మా టీమ్‌లో ఒకాయన తండ్రి చనిపోయారు. ఆయన సొంత పని అని రాసి సెలవు పెట్టడంతో మాకెవరికీ తెలియలేదు. ఆ రోజుల్లో కూడా పని గురించి ఆయనకు మెసేజ్‌లు పెట్టాం. తర్వాత ఎవరి ద్వారానో తెలిసి గ్రూపులో అందరం ‘ఓం శాంతి’ అని పెట్టాం. తిరిగి వచ్చినప్పటి నుంచి ఆయన పని మాట తప్ప మరో మాట మాట్లాడడం లేదు. ఇప్పుడు ఏం చేస్తే బాగుంటుంది?
— సీనియర్ డెవలపర్, హైదరాబాదు

సమాధానం: వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. ఆఫీసులో ఖాళీ కుర్చీ కనబడితే ‘ఏడీ, రాలేదేం’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇళ్ళ నుంచి పనిచేసేటప్పుడు కనబడే కుర్చీ లేదు. పేరు పక్కన పచ్చచుక్క వెలగకపోతే ఎవరూ పట్టించుకోరు. గ్రూపులో వరుసగా పడే ‘ఓం శాంతి’లు పంపినవారి బాధ్యతను తీరుస్తాయి గానీ, అందుకున్నవారికి అంతగా ఉపయోగపడవు.

ఆలస్యమైందని ఆగకండి. మీరొక్కరే ఫోను చేయండి. తెలియక ఆ రోజుల్లో పని మెసేజ్‌లు పెట్టినందుకు క్షమించమనండి, తర్వాత తండ్రిగారి గురించి అడగండి: ఏం చేసేవారు, ఎన్నాళ్ళుగా ఒంట్లో బాగుండలేదు, అమ్మగారు ఇప్పుడెవరి దగ్గర ఉంటున్నారు. సలహాలు, వేదాంతం వద్దు. ఆయన ఉన్న ఊళ్ళోగానీ దగ్గరి ఊళ్ళోగానీ మీ సంస్థవారు ఎవరున్నా ఒకసారి ఇంటికి వెళ్ళి కూర్చొని రావడం పదిమంది ఫోన్ల కంటే మేలు. మన దగ్గర పరామర్శ అంటే మనిషి వెళ్ళడమే.

పని విషయంలో ‘ఏదైనా సాయం కావాలంటే చెప్పండి’ అనకండి, ఎవరూ చెప్పరు. ఆయన చేతిలో ఉన్నవాటిలో ఫలానా రెండు నేను చూసుకుంటున్నానని లీడ్‌తో మాట్లాడి తీసుకోండి. వారి ఇంటి ఆచారం ప్రకారం మాసికాలు పెట్టేట్లయితే ఏడాది వరకు నెలనెలా ఒక రోజు అవసరపడుతుంది; ఆయన ప్రతిసారీ కారణం రాసుకోనక్కర లేకుండా ఆ సెలవులను లీడ్ ముందే ఒప్పుకోవచ్చు. సంవత్సరీకం నాటికి ఎవరికీ గుర్తుండదు కాబట్టి మీ క్యాలెండర్‌లో ఇప్పుడే ఆ తేదీని గుర్తుపెట్టుకోండి.

ఇక ముందుకోసం టీమ్ అంతా ఒక మాట అనుకోండి. చావు, జబ్బు, కాన్పు వంటివి వచ్చినప్పుడు ఎవరికి ఒక్కరికి చెబితే చాలో, ఆ ఒక్కరు మిగిలినవారికి ఎంతవరకు చెప్పవచ్చో ముందే తేల్చుకోవాలి. నలుగురికీ తెలియడం ఇష్టం లేనివారూ ఉంటారు. సెలవు కాగితం మీద ‘సొంత పని’ అని రాసినప్పుడు మీ సహోద్యోగి కోరుకున్నది బహుశా అదే కావచ్చు. అందుకే ఫోను చేసినప్పుడు ఆయన ముక్తసరిగా మాట్లాడితే నొచ్చుకోకండి. కొన్ని వారాల తర్వాత మళ్ళీ చేయండి.

ప్రశ్న: మా టీమ్‌లో దాదాపు అందరం తెలుగువాళ్ళం. ఒకరు భువనేశ్వర్‌లో, ఒకరు కోయంబత్తూరులో ఉన్నారు. పని మాటలు ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. జోకులు, సినిమా కబుర్లు మాత్రం తెలుగులో దొర్లిపోతాయి. అది సహజమే కదా?
— ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: సహజమే, కానీ వారిద్దరికీ నష్టం జరిగేది సరిగ్గా అక్కడే. పని మాటల్లో వారికి పాలు ఉంది, చనువు పుట్టే మాటల్లో లేదు. ఎదురుగా ఉంటే ముఖాలు చూసి నవ్వు దేనికో ఊహించుకుంటారు, పక్కవారిని అడుగుతారు. కాల్‌లో వారికి వినబడేది కారణం తెలియని నవ్వు మాత్రమే. అది తమ మీదేనేమో అన్న అనుమానం రావడానికి ఎంతోసేపు పట్టదు. వారు కాల్‌లో ఉన్నంతసేపూ కబుర్లు కూడా అందరికీ తెలిసిన భాషలోనే సాగనివ్వండి. మీ తెలుగువాళ్ళకు మాత్రమే విడిగా వాట్సాప్ గ్రూపు ఉంటే, పని నిర్ణయాలు అందులో జరగకుండా చూసుకోండి. ఇది ఉత్తరంలో మీరు రాయలేదు గానీ, అలాంటి గ్రూపు ఉండే ఉంటుందని నా ఊహ.

ప్రశ్న: మాది 25 మంది ఉన్న చిన్న సంస్థ. ఆఫీసు అద్దె మానేసి అందరం ఇళ్ళ నుంచే పనిచేస్తున్నాం. మిగిలిన డబ్బులో కొంత ఖర్చుపెట్టి ఏడాదికొకసారి అందరినీ ఒకచోట కలపాలనుకుంటున్నాను. అరకు తీసుకువెళ్ళి సరదాగా తిప్పాలా, లేక ఏదైనా ఊళ్ళో హాలు తీసుకొని పనిచేయించాలా?
— సంస్థ యజమాని, విశాఖపట్నం

సమాధానం: రెండూ చేయండి, అయితే పనికి మొదటి స్థానం ఇవ్వండి. వర్డ్‌ప్రెస్.కామ్‌ను నడిపే ఆటోమాటిక్ సంస్థ కూడా ఉద్యోగులను ఇళ్ళ నుంచే పనిచేయిస్తూ, అందరినీ ఒకచోట కలిపే సమావేశాలకు విడిగా ఖర్చు చేస్తూ వచ్చింది; వాడకం లేదని 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని తన పెద్ద ఆఫీసును మూసివేసింది. అద్దెలో మిగిలిన డబ్బును కలుసుకోవడానికి మళ్ళించాలన్న మీ ఆలోచన సరైన దారిలోనే ఉంది.

మూడు నాలుగు రోజులు పెట్టుకోండి. ఉదయం పూట ఏడాదిగా ఫోన్లలో తెగని ఒక నిజమైన సమస్యను బల్ల మీద పెట్టి, మామూలుగా కలిసి పనిచేయనివారిని ఒక జట్టుగా కూర్చోబెట్టండి. మధ్యాహ్నం తర్వాత ఎవరి ఇష్టం వారిది. ఉపన్యాసాలు తగ్గించండి, మీది కూడా. అరకులో డిసెంబరు, జనవరిలలో బసలు దొరకడం కష్టం, పైగా సంక్రాంతికి ఎవరి ఊరికి వారు వెళ్ళాలనుకుంటారు. పిల్లల పరీక్షల నెలలను కూడా వదిలేయండి. చంటిపిల్లలున్నవారు ఇంట్లోనుంచి ఒకరిని వెంట తెచ్చుకునేందుకు ఖర్చు ఇవ్వండి, లేకపోతే ఆ ఆడవాళ్ళు ఏదో ఒక కారణం చెప్పి మానేస్తారు. రాత్రి విందులో మందు ఉంటే అది లేనిచోట కూర్చొనే వీలు కూడా ఉండాలి. రాలేకపోయినవారిని సంజాయిషీ అడగకండి. వారి కోసం ఆ రోజుల్లో ఏం నిర్ణయించారో రాసి పంపండి. ప్రయాణాలను శని, ఆదివారాల్లో పెట్టకండి. పెట్టక తప్పకపోతే తర్వాతి వారంలో బదులు సెలవు ఇస్తున్నట్టు పిలుపులోనే రాయండి.